నొప్పులు లేవు, అయినా ఇంటికి పంపరు: హైరిస్క్ గర్భిణికి వార్డులో ఏం కావాలి?

సంక్షిప్తంగా: బీపీ, షుగర్, మాయ (ప్లాసెంటా) గర్భసంచి ముఖద్వారం వైపు కిందికి ఉండటం, ఉమ్మనీరు ముందే పోవడం వంటి కారణాలతో కొందరు గర్భిణులు కాన్పుకు వారాల ముందే ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. అక్కడ వారికి జరిగే ప్రధాన చికిత్స కనిపెట్టుకుని ఉండటమే. అది ఫలించాలంటే ఆమె చివరిదాకా అక్కడే ఉండాలి. ఉండాలంటే ఎందుకు ఉంచారో ఆమెకు అర్థం కావాలి. ఒంటికి సరిపడే తిండి, కంటికి నిద్ర, ఇంటి సంగతిపై కాస్త నిశ్చింత కావాలి. వీటిని వైద్యానికి బయటి విషయాలుగా చూస్తే వైద్యమే మధ్యలో ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో ఏ ప్రసూతి ఆసుపత్రిలోనైనా కాన్పుకు ముందు చేరినవారి వార్డులో తరచూ వినిపించే మాట ఇది: "నొప్పులు రాలేదు, సెలైన్ కూడా పెట్టట్లేదు. ఊరికే పడుకోబెట్టారు. ఇంటికి తీసుకుపోతాం." అనేది అత్తగారో, భర్తో. వినేది డ్యూటీలో ఉన్న సిస్టర్. మంచం మీది అమ్మాయి కేస్ షీట్‌లో 31వ వారం, బీపీ 150/100 అని రాసి ఉంటుంది. మనిషి మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. లేచి తిరుగుతుంది, ఫోన్‌లో పెద్దకొడుకుతో మాట్లాడుతుంది.

కుటుంబం అడిగేదాంట్లో తప్పు లేదు. జ్వరం వస్తే మందు, ఎముక విరిగితే కట్టు. ఆసుపత్రి అంటే ఏదో ఒకటి చేస్తారనే అందరం అనుకుంటాం. హైరిస్క్ గర్భంలో చాలా రోజులు చేసేదేమీ కంటికి కనిపించదు. ఆ కనిపించని పని ఏమిటో విడమరిచి చెప్పకపోతే వారం తిరిగేసరికి ఓపిక అయిపోతుంది.

బీపీ కేసును ఎందుకు వదలరు

20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, లేదా కాలేయం, కిడ్నీలు, ప్లేట్‌లెట్లు దెబ్బతింటున్న గుర్తులు కనిపించినా దాన్ని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. సమస్య చాలావరకు మాయ దగ్గరే మొదలవుతుంది. గర్భం తొలి నెలల్లో మాయ గర్భసంచి గోడలో నాటుకునేటప్పుడు అక్కడి రక్తనాళాలు వెడల్పు కావాలి. అవి ఇరుకుగానే ఉండిపోతే మాయకు చాలినంత రక్తం అందదు. అప్పుడు మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి ఒంట్లోని రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. అందుకే ఒకే జబ్బు ఒకరికి తలనొప్పిగా, మరొకరికి కళ్లు మసకబారడంగా, ఇంకొకరికి పక్కటెముకల కింద నొప్పిగా బయటపడుతుంది.

ఈ మూడో లక్షణం దగ్గర మోసపోయేవారు ఎక్కువ. పైకడుపులో నొప్పి రాగానే గ్యాస్ అనుకుని ఈనో కలుపుకుని తాగి పడుకుంటారు. బీపీ ఎక్కువున్న గర్భిణిలో అది కాలేయం వాచిన గుర్తు కావచ్చు. కొన్ని గంటల్లోనే ప్లేట్‌లెట్లు పడిపోయే పరిస్థితికి అది ముందు మాట కావచ్చు. ఇంట్లో ఆ రాత్రి గడిచిపోతుంది. వార్డులో అయితే సిస్టర్‌కు చెబితే రక్తం తీసి పంపుతారు. ఊరికే ఉంచడానికీ ఇంటికి పంపడానికీ మధ్య తేడా ఆ ఒక్క రాత్రి.

బీపీకి ఇచ్చే లాబెటలాల్, నిఫెడిపిన్ మాత్రలు అంకెను దించుతాయి, జబ్బును ఆపలేవు. మాయ బయటికి వస్తేనే జబ్బు తగ్గుముఖం పడుతుంది. అంటే కాన్పే అసలు చికిత్స. అలాగని 31వ వారంలోనే కాన్పు చేస్తే బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండవు. తల్లికి గండం పెరగకుండా, బిడ్డకు వీలైనన్ని రోజులు కూడబెట్టడమే డాక్టర్ల లెక్క. ఆ లెక్క రోజుకోసారి, ఒక్కోసారి పూటకోసారి మారుతుంది. బీపీ 160/110 దాటితే వెంటనే దించాలి. ఫిట్స్ భయం ఉంటే మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టాలి.

ఈ మందు ఇచ్చే తీరును దగ్గరగా చూస్తే కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో తెలుస్తుంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో మొదట 4 గ్రాములు నరానికి, 10 గ్రాములు రెండు పిరుదులకు సగం సగం ఇస్తారు. ఆ తరువాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు. ప్రతి సూదికి ముందు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టి చూస్తారు. కాలు ఎగరాలి. ఊపిరి లెక్కపెడతారు. గడిచిన నాలుగు గంటల్లో మూత్రం కనీసం 100 మిల్లీలీటర్లు వచ్చిందా అని సంచి చూస్తారు. మందు మోతాదు మించితే ముందు ఆగేది ఆ మోకాలి కదలికే, ఆ తరువాతే ఊపిరి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్‌ను పక్కనే సిద్ధంగా ఉంచుతారు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా మహిళలపై జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై అధ్యయనం ఈ మందుతో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. మందు చాలా చవక. ఖరీదైనది దాన్ని ఇచ్చే మనిషి సమయం. ఒక్క సిస్టర్ చేతికింద యాభై మంచాలుంటే ఆ సుత్తి ఎన్ని మోకాళ్ల దాకా వెళ్లగలదు? నర్సింగ్ సిబ్బంది లెక్కను హైరిస్క్ వార్డుకు వేరుగా కట్టాలని నిపుణులు అడిగేది ఇందుకే.

బిడ్డ కోసం మరో మందు ఉంటుంది. నెలలు నిండకముందే కాన్పు కావచ్చని తోస్తే, 24 నుంచి 34 వారాల మధ్య తల్లికి స్టెరాయిడ్ సూదులు వేస్తారు. బీటామెథసోన్ అయితే 24 గంటల తేడాతో రెండు, డెక్సామెథసోన్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని 1972లో న్యూజిలాండ్ వైద్యులు చూపించారు. ఈ సూదుల తరువాత తల్లికి షుగర్ అమాంతం పెరగవచ్చు. ముందే షుగర్ ఉన్నవారిని ఆ రెండు మూడు రోజులు కదలనివ్వకపోవడానికి అదే కారణం. "సూదులు అయిపోయాయి కదా, పంపండి" అనే మాట ఆ సమయంలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

పాత ఆపరేషన్ తెచ్చే కొత్త గండం

తెలంగాణకు ప్రత్యేకంగా వర్తించే కారణం ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశ సగటు 21.5 శాతం. మొదటి కాన్పు ముహూర్తం చూసుకుని చేయించుకున్నా, నొప్పుల భయంతో చేయించుకున్నా, నిజంగా అవసరమై చేసినా గర్భసంచి మీద మచ్చ ఒకేలా మిగులుతుంది.

తరువాతి గర్భంలో మాయ కిందికి దిగి ఆ మచ్చ మీదే నాటుకుంటే అది గోడలోకి లోతుగా చొచ్చుకుపోయే అవకాశం ఉంది. కాన్పయ్యాక మామూలుగా ఊడిరావలసిన మాయ ఊడదు, రక్తం ఆగదు. మాయ కిందికి ఉన్నవారిలో అంతకుముందు ఒక సిజేరియన్ జరిగి ఉంటే ఈ ముప్పు సుమారు 11 శాతమని, రెండు జరిగి ఉంటే 40 శాతమని 2006లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. ఇప్పటి అధిక సిజేరియన్ల భారం రెండో, మూడో కాన్పు నాటికి హైరిస్క్ వార్డుకు చేరేది ఈ దారిలోనే.

మాయ కిందికి ఉన్నప్పుడు వచ్చే రక్తస్రావానికి నొప్పి ఉండదు, ముందస్తు హెచ్చరికా ఉండదు. రాత్రి రెండింటికి నిద్రలోనే పక్క తడవవచ్చు. ఇబ్రహీంపట్నం అవతలి ఊరి నుంచో, పటాన్‌చెరు నుంచో పాతబస్తీలోని ప్రసూతి ఆసుపత్రి దాకా వచ్చేలోపు జరిగే నష్టాన్ని ఏ డాక్టరూ పూడ్చలేడు. అందుకే ఒకసారి ఎక్కువగా రక్తం పోయినవారిని, ఆ తరువాత వారం రోజులు ఏమీ కాకపోయినా, ఆసుపత్రి దగ్గరే ఉండమంటారు.

ఇలాంటి గర్భిణికి కావలసింది గ్రూపు కలిసి సిద్ధంగా ఉన్న రక్తం. అది అందించే బాధ్యత తరచూ కుటుంబం మీదే పడుతుంది. "ఇద్దరు డోనర్లను తీసుకురండి" అనగానే ఊళ్లోని అన్నదమ్ములకు ఫోన్లు వెళతాయి. రక్తం ఇస్తే నీరసపడతామన్న భయం ఇంకా పోలేదు. వార్డులో చేరిన మొదటి రోజే ఈ మాట చెబితే వారం గడువు ఉంటుంది. ఆపరేషన్ ఉదయం చెబితే టెన్షన్ తప్ప రక్తం రాదు.

ఏ ఆసుపత్రి అనేది కూడా చికిత్సలో భాగమే

నగరంలో ప్రభుత్వ వైపు పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు ఏళ్ల తరబడి ఈ భారాన్ని మోస్తున్నాయి. ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్నా ఇవి విడి ఆసుపత్రులు. గర్భిణికి గుండె కవాటం జబ్బో, మెదడులో రక్తం గడ్డకట్టడమో, డయాలసిస్ అవసరమో ఎదురైతే ఆ విభాగాలు వేరే ప్రాంగణంలో ఉంటాయి. గాంధీ ఆసుపత్రిలో 2023లో 200 పడకల మాతాశిశు విభాగం ప్రారంభించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే: గుండె డాక్టర్, కిడ్నీ డాక్టర్, ఐసీయూ అన్నీ ఒకే గేటు లోపల దొరకాలి.

ప్రైవేటులో గది ఉంటుంది, ఏకాంతం ఉంటుంది, రోజుకింత అని బిల్లు కూడా పెరుగుతుంది. 31వ వారంలో చేరి 36 దాకా ఉండాలంటే అది మధ్యతరగతి కుటుంబాన్నీ కుంగదీస్తుంది. డబ్బు అయిపోయి మధ్యలో ప్రభుత్వ ఆసుపత్రికి మారేవారు పాత స్కాన్లు, రక్తపరీక్షల రిపోర్టులు వెంట తెచ్చుకోకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మారక తప్పదనుకుంటే తల్లి నిలకడగా ఉన్నప్పుడే, కాగితాలన్నీ చేతపట్టుకుని మారాలి.

"కదలొద్దు" అనే సలహా

మంచం దిగకుండా పడుకోబెడితే నెలలు నిండుతాయని ఇళ్లలో గట్టి నమ్మకం. కొందరు డాక్టర్లు కూడా ఆ మాట అంటారు. పూర్తి విశ్రాంతి నెలలు నిండని కాన్పును ఆపుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. నష్టానికి మాత్రం దొరికింది. గర్భంలో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. కదలకుండా పడుకుంటే అది ఇంకా పెరుగుతుంది. కండ బలం తగ్గుతుంది, మనసు కుంగుతుంది.

డాక్టర్ ప్రత్యేకంగా వద్దన్న సందర్భాల్లో తప్ప, బాత్రూమ్‌కు నడిచి వెళ్లడం, వరండాలో నాలుగు అడుగులు వేయడం, మంచం మీదే పాదాలు పైకీ కిందికీ ఆడించడం మేలు చేస్తాయి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే వెంటనే చెప్పాలి. ఏం చేయకూడదో ప్రతి ఒక్కరూ చెబుతారు. ఏం చేయవచ్చో చెప్పేవారు తక్కువ. వార్డులో గర్భిణికి ఉన్న పెద్ద లోటుల్లో ఇదొకటి.

చేయదగ్గ పని ఒకటి ఆమె చేతుల్లోనే ఉంది. తిన్నాక ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టడం. రెండు గంటల్లో పది రాకపోతే సిస్టర్‌ను పిలవాలి. బిడ్డ గుండె చప్పుడు చూసే మెషీన్ రోజుకు అరగంట పెడతారు. మిగతా ఇరవై మూడున్నర గంటలూ బిడ్డను గమనించగలిగేది తల్లి ఒక్కతే.

పళ్లెంలో ఏముంది

తెలంగాణలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది: 53.2 శాతం. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే దిగితే తీవ్రమైనది. మామూలు కాన్పులో పోయే రక్తమే వీరి ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రలు పడనివారికి ఐరన్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. మాత్రలు వేసుకునేవారు వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. ఉదయం టీ, ఆ వెంటనే మాత్ర అనేది వార్డుల్లో రోజూ జరిగే పొరపాటు.

షుగర్ ఉన్నవారికి లక్ష్యాలు గట్టివి. పరగడుపున 95లోపు, తిన్న రెండు గంటలకు 120లోపు. వార్డుకు వచ్చే అన్నం, పప్పు అందరికీ ఒకటే అయితే ఆ అంకెలు అందవు. ఇంటి నుంచి జొన్నరొట్టె, కూర, ఉడికించిన గుడ్డు తెచ్చుకోగలిగినవారు నెట్టుకొస్తారు. ఊరు దూరమైనవారు బిస్కెట్ల మీద బతుకుతారు. ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే జన్మంతా తప్పదన్న భయంతో సూది తప్పించుకునేవారూ ఉన్నారు. గర్భంలో వచ్చిన షుగర్‌కు వాడే ఇన్సులిన్ చాలామందికి కాన్పుతోనే ఆగిపోతుంది. ఇది రెండు నిమిషాల మాట. చెబితే సూది మాన్పించే పుకారు ఆగుతుంది.

సంతకం పెట్టి వెళ్లిపోయేవారు

వైద్యుల సలహాకు విరుద్ధంగా, సొంత పూచీ మీద వెళుతున్నామని సంతకం పెట్టి వెళ్లేవారిని మొండివారిగా చూడటం తేలిక. వాళ్లు చెప్పే కారణాలు వింటే ఆ మాట నిలబడదు. ఇంట్లో మూడేళ్ల పాప అన్నం తినడం మానేసింది. భర్త రోజుకూలీ, ఇక్కడ కూర్చుంటే పూట గడవదు. తోడు వచ్చిన తల్లి వరండాలో చాప మీద పడుకుని తనే జ్వరం తెచ్చుకుంది. రాత్రిళ్లు లైట్లు ఆర్పరు, పక్క మంచం నొప్పుల కేకలకు కునుకు పట్టదు. వీటిలో ఏదీ జబ్బు కాదు, కేస్ షీట్‌లోకి ఎక్కదు. చికిత్సను మధ్యలో తెంపేది మాత్రం ఇవే.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రవాణా ఉచితం. ఆ తరువాత గర్భకాలపు సమస్యలకూ దీన్ని విస్తరించారు. పోయిన కూలిని, తోడున్నవారి తిండిని, ఇంటి దగ్గర పిల్లల బాగోగులను ఈ పథకం లెక్కలోకి తీసుకోదు. మంచం ఉచితమే. ఆ మంచం మీద ఐదు వారాలు ఉండటం ఉచితం కాదు.

భాష మరో గోడ. పేట్లబుర్జు ఓపీలో సగం మాటలు ఉర్దూలో నడుస్తాయి. శివార్ల నిర్మాణ పనుల నుంచి వచ్చేవారిలో ఒడియా, బెంగాలీ తప్ప మరేదీ రానివారు ఉంటారు. "కళ్లు మసకగా ఉన్నాయా?" అన్న ప్రశ్న అర్థం కాక తల ఊపితే, ఆ తల ఊపు కేస్ షీట్‌లో లక్షణాలు లేవని ఎక్కుతుంది.

తోడు విషయంలో విధానం మారింది. కాన్పు గదిలో గర్భిణికి తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆచరణ ఆసుపత్రిని బట్టి, ఒక్కోచోట షిఫ్టును బట్టి మారుతోంది. కాన్పుకు ముందు వారాలు గడిపే వార్డులో తోడు ఇంకా ముఖ్యం. ఖర్చులేని చిన్న ఏర్పాట్లు చాలా ఉన్నాయి. మంచం దగ్గర పనిచేసే ఒక ప్లగ్ పాయింట్ ఉంటే ఆమె రాత్రి పాపతో వీడియో కాల్ మాట్లాడి నిద్రపోతుంది. పెద్దబిడ్డను వారానికోసారి కింద హాల్లో చూడనిస్తే మరో వారం ఉంటుంది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ "ఈరోజు ప్లేట్‌లెట్లు బాగున్నాయి, ఇంకో నాలుగు రోజులు బిడ్డకు దొరికినట్టే" అని నేరుగా ఆమెతోనే అంటే, ఎందుకు ఉన్నానో ఆమెకు తెలుస్తుంది. ఏడుపు ఆగకపోవడం, తిండి మానేయడం, నిద్ర అసలే పట్టకపోవడం కనిపిస్తే ధైర్యం చెప్పడంతో సరిపెట్టకుండా మానసిక వైద్యులకు చూపించాలి.

బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట

నెలలు నిండని బిడ్డను పుట్టాక అంబులెన్స్‌లో తరలించడం కంటే తల్లి కడుపులో ఉండగానే ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఉన్న చోటికి చేర్చడం మేలు. ఇది వైద్యంలో స్థిరపడిన విషయం. కడుపును మించిన ఇంక్యుబేటర్ లేదు. జిల్లాల నుంచి గర్భిణులను హైదరాబాద్‌కు పంపడంలోని తర్కం ఇదే. ఆ పంపడం నొప్పులు మొదలయ్యాక జరిగితే ఫలితం సగమే.

ఎన్‌ఐసీయూను కాన్పుకు ముందే ఒకసారి చూపించడం, అక్కడ బిడ్డ ఎలా ఉంటుందో చెప్పడం తల్లి భయాన్ని చాలా తగ్గిస్తుంది. పుట్టాక మొదటి గంటల నుంచే పాలు పిండడం నేర్పితే బిడ్డ వేరే వార్డులో ఉన్నా పాలు ఎండిపోవు. తల్లికి పాలు రాని రోజుల కోసం హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో 2017 నుంచి 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. బిడ్డను ఒంటికి హత్తుకుని ఉంచే కంగారూ పద్ధతిని, బిడ్డ నిలకడగా మారేవరకు ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని భారత్ సహా ఐదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో చూపింది. దీనికి తల్లి బిడ్డ పక్కనే ఉండాలి. ఆపరేషన్ కుట్లతో ఉన్న తల్లికి ఎన్‌ఐసీయూలో మంచం కాకపోయినా వెనక్కి వాలే కుర్చీ ఉండాలి.

డిశ్చార్జి కాగితం

కాన్పుతో గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. బీపీ మాత్రం కాన్పయిన మూడు నుంచి ఆరో రోజు మధ్య మళ్లీ పెరగవచ్చు. సరిగ్గా అప్పటికే చాలామంది ఇంటికి చేరి ఉంటారు. తలనొప్పి వస్తే చెవుల్లో దూది పెట్టుకోమంటారు, చలిగాలి తగిలిందంటారు. బాలింతకు తలనొప్పి, చూపు మసక, ఆయాసం ఉంటే పథ్యం సంగతి తరువాత, ముందు బీపీ చూపించాలి. షుగర్ వచ్చినవారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఇవన్నీ డిశ్చార్జి కాగితంలో తెలుగులోనో ఉర్దూలోనో, ఆమె చదవగలిగేలా ఉండాలి. ఆపరేషన్ ఎందుకు చేశారు, బీపీ ఎన్నో వారంలో మొదలైంది, మాయ ఎక్కడ ఉంది అన్న మూడు సంగతులు అందులో స్పష్టంగా రాసి ఉంటే, రెండేళ్ల తరువాత వేరే ఊళ్లో మళ్లీ గర్భం వచ్చినప్పుడు అక్కడి డాక్టర్ 12వ వారంలోనే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టగలరు, స్కాన్‌లో మాయ మచ్చ మీద ఉందేమో ముందే వెతకగలరు.